దక్షిణాసియా స్త్రీల ఫుట్‌బాలు పోటీ

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును తార్నాకకును చేరువనున్నవారికి ఫుట్‌బాలు క్రొత్త యాట గాదు. 1951, 1962 సంవత్సరముల ఏషియా క్రీడలలో భారతజట్టునకు స్వర్ణపతకములు గడించిపెట్టిన శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఈ విద్యాలయముననే చదివిరి. అది పురుషుల మాట. స్త్రీల యాటను గూర్చి వినుట యరుదు గనుక, దక్షిణాసియా స్త్రీల పోటీని గూర్చి యించుక వ్రాయుచున్నాము.

2010లో బంగ్లాదేశమందలి కాక్స్ బజారున నిది యారంభమయ్యెను. తొలి యైదు పర్యాయములును భారతజట్టే గెలిచెను. 2022లో కాఠ్మాండు నగరమున నేపాళము మనవారిని సెమీఫైనలులో నోడించెను. ఆ నేపాళమును బంగ్లాదేశము 3-1 గోలులతో జయించెను. 2024లోను బంగ్లాదేశమే విజేత.

ఇట్లేల జరిగెను? ఆ దేశపు మైమెన్‌సింగు జిల్లాలో కల్సిందూరను పల్లె గలదు. అచ్చటి ప్రాథమిక పాఠశాల బాలికలు ఉపాధ్యాయులవలన ఆట నేర్చి, పాఠశాలల పోటీలలో గెలిచిరి. వారిలో పలువురు జాతీయజట్టున జేరిరి. చిన్ననాడే బంతి దొరకుట ముఖ్యకారణమని మాకు దోచుచున్నది. తార్నాక మైదానములలో సాయంకాలము బంతి తన్నువారిలో బాలికలెందరో తలిదండ్రులే లెక్కింతురుగాక!

మన నిజామాబాదు జిల్లా బాలిక సౌమ్య గుగులోత్ 2022 పోటీలో భారతజట్టున నాడెను. 2025 జూలైలో భారతజట్టు థాయిలాండును 2-1తో నోడించి, 2026 ఏషియా కప్పున కర్హత నొందెను.