దవడా? దంతాల గనా?

మనిషికి ఎన్ని పళ్లు? 32 అని ఠక్కున అనేశారా? 2019లో చెన్నైలో ఏడేళ్ల బాబు కింది దవడలోంచి డాక్టర్లు తీసినవి 526! వాటిని ఏరి లెక్కపెట్టడానికే గంటలు పట్టింది. మధ్యలో ఎవరైనా పలకరించి ఉంటే మళ్లీ ఒకటి నుంచే!

అంతకు ఐదేళ్ల ముందు ముంబైలో ఓ 17 ఏళ్ల కుర్రాడి దవడలోంచి 232 తీస్తే దేశమంతా ముక్కున వేలేసుకుంది. పాపం, ఇప్పుడది సగం కూడా కాదు.

ఇన్ని పళ్లకు కారణం ఒడొంటోమా అనే కణితి. ఇది క్యాన్సర్ కాదు. ఎంత పాతదో మీకు తెలుసా? టాంజానియాలో దొరికిన 25.5 కోట్ల ఏళ్ల నాటి గోర్గోనాప్సియన్ అనే ప్రాచీన జంతువు దవడలోనూ ఉంది! అప్పటికి డైనోసార్లే పుట్టలేదు, డెంటిస్టులెక్కడ?

డైనోసార్లూ తప్పించుకోలేదు. రొమేనియాలో దొరికిన టెల్మటోసారస్ దవడలో బయటపడింది అమెలోబ్లాస్టోమా అనే మరో దవడ కణితి. మనుషుల్లో ఇది పదింట ఎనిమిదిసార్లు కింది దవడనే పడుతుంది. నొప్పి లేకుండా పెరుగుతుంది, ఎక్స్‌రేలో సబ్బు బుడగల్లా కనిపిస్తుంది, బయాప్సీలో దొరికిపోతుంది. సాధువే గానీ మొండి సాధువు! గీకి వదిలేస్తే తిరిగొచ్చే రకం. అందుకే చాలాసార్లు చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా కోసేస్తారు.

మరి పోయిన దవడ ఎక్కడి నుంచి తెస్తారో మీకు తెలుసా? కాలి నుంచి! మోకాలి కింద, బయటి పక్కనుండే సన్నని ఎముక ఫిబులా. శరీరం బరువు ఎక్కువగా మోసేది దాని పక్కది కాబట్టి, ఇది కొంత పోయినా నడక ఆగదు. దాన్ని రక్తనాళాలతో సహా తీసి, దవడ వంపు వచ్చేలా ముక్కలు చేసి, ప్లేట్లతో బిగించి, ఆ నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుడతారు. దవడకు ఈ దారి చూపింది అమెరికన్ సర్జన్ డేవిడ్ హిడాల్గో, 1989లో. పైన ఇంప్లాంట్లతో పళ్లు కూడా పెట్టొచ్చు. అంటే, కాలి ఎముకతో జంతికలు నమలడమే!

దవడలో వచ్చే కెరటోసిస్ట్‌ను 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘కణితి’ హోదాకు పెంచి, 2017లో మళ్లీ ‘తిత్తి’గా దించేసిందని మీకు తెలుసా? పన్నెండేళ్ల ప్రమోషన్, తర్వాత పాత కుర్చీకే!

1955లో డెన్మార్క్ డాక్టర్ జెన్స్ పిండ్‌బోర్గ్ వివరించిన అరుదైన దవడ కణితికి ఆయన పేరే పెట్టారు. అదే పిండ్‌బోర్గ్ మన శ్రీకాకుళం జిల్లా పల్లెలూ ఉన్న సర్వేలో భాగస్వామి అని మీకు తెలుసా? దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది నోళ్లు చూశారు. చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టి పీల్చే ‘అడ్డపొగ’ శ్రీకాకుళం వైపు అలవాటు. నోరు తెరిచి చూపించింది ఊరివాళ్లే. నోరెళ్లబెట్టింది మాత్రం డాక్టర్లే అయ్యుంటారు!