ఫెరూలిక్ ఆమ్లం: తవుడు నుంచి చర్మకణం దాకా

ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్తలు హ్లాసివెట్జ్, బార్త్ 1866లో ఇంగువ బంక నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేసి, ఇంగువ మొక్క చేరిన ఫెరూలా ప్రజాతిని బట్టి దానికి ఫెరూలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఆ పదార్థమే వరి తవుడులోనూ, గోధుమ పొట్టులోనూ, మొక్కజొన్న గింజల పైపొరలోనూ సమృద్ధిగా ఉంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ అణువు కూడా ఫెరూలిక్ ఆమ్లపు భాగాలు రెండింటిని ఒక కార్బన్ పరమాణువు కలిపి ఉంచిన నిర్మాణమే. మొక్క ఈ ఆమ్లాన్ని ప్రధానంగా తన కణకవచంలోని పీచు గొలుసులను ఒకదానితో ఒకటి బిగించుకోవడానికి వాడుకుంటుంది. చర్మానికి రాసుకునే సీరం సీసాల మీద ఇప్పుడు దాని పేరు కనిపించడానికి కారణం వేరు.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో యూవీ-బి ఎక్కువగా బాహ్యచర్మంలోనే ఆగిపోయి అక్కడి కణాల డీఎన్ఏను నేరుగా దెబ్బతీయగా, యూవీ-ఎ దానిని దాటి లోపలి పొర అయిన అంతశ్చర్మం వరకు చేరి కణాలలో ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ గల అణువు. అది తన లోటు తీర్చుకోవడానికి పక్కనున్న కొవ్వు నుంచో, ప్రోటీన్ నుంచో, డీఎన్ఏ నుంచో ఎలక్ట్రాన్‌ను లాక్కోవడంతో, నష్టపోయిన అణువు తానే మరొక దోపిడీకి దిగుతుంది. ఈ ఒత్తిడికి లోనైన కణాలు, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను తుంచే ఎంజైములను అధికంగా తయారుచేస్తాయి కనుకనే, ఎండ తగిలే ముఖం, మెడ, కప్పి ఉంచిన ఒంటికన్నా ముందుగా ముడుతలు పడతాయి. చామనఛాయ చర్మంలోని మెలనిన్ ఈ నష్టాన్ని కొంత అడ్డుకుంటుంది గాని మంగు మచ్చలను ఆపదు. ఎండ తగిలిన కొద్దీ అవి ఇంకా ముదురుతాయి.

ఈ వరుసను మధ్యలో తెంచడమే యాంటీఆక్సిడెంట్ చేసే పని. ఫెరూలిక్ ఆమ్లం తనలోని ఒక హైడ్రజన్ పరమాణువును రాడికల్‌కు ఇచ్చివేసి తానే రాడికల్‌గా మిగిలినా, ఆ ఒంటరి ఎలక్ట్రాన్ అణువులోని కార్బన్ వలయం మీదా, దాని పక్కగొలుసు మీదా పరచుకుని నిలకడ పొందుతుంది కనుక, అది మరే అణువునూ దోచుకోదు.

దీని విలువను బయటపెట్టినది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ చర్మవైద్యుడు షెల్డన్ పిన్నెల్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన అధ్యయనం. కొల్లాజెన్ తయారీకి తప్పనిసరైన విటమిన్ సి, నీటిలో కరిగించి ఉంచితే గాలి తగిలి త్వరగా పాడవుతుంది. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ గల ద్రావణానికి అర శాతం ఫెరూలిక్ ఆమ్లం చేర్చినప్పుడు విటమిన్లు నిలకడగా ఉండటమే కాక, కృత్రిమ సూర్యకాంతి నుంచి లభించే రక్షణ సుమారు 4 రెట్ల నుంచి 8 రెట్లకు పెరిగింది. అయితే ఇవి పందిచర్మం మీద తీసిన కొలతలనీ, ఆ మిశ్రమాన్ని విపణిలోకి తెచ్చిన సంస్థతో పిన్నెల్‌కు సంబంధం ఉండేదనీ పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది.

అంతమాత్రాన సున్నిపిండిలో తవుడు కలిపి రుద్దుకుంటే ఇదే ఫలితం వస్తుందనుకోవడానికి వీలులేదు. తవుడులోని ఫెరూలిక్ ఆమ్లంలో అధికభాగం పీచుకు రసాయనికంగా అతుక్కుని ఉంటుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిని కొంత విడదీయగలవు గాని, చర్మం మీద ఆ పని జరగదు. పైగా మృతకణాలతో ఏర్పడిన చర్మపు వెలుపలి కవచం సుమారు 500 డాల్టన్లకు మించిన అణువులను సాధారణంగా లోనికి రానివ్వదు. డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రజన్ పరమాణువంత భారం. విడిగా ఉన్న ఫెరూలిక్ ఆమ్లం 194 డాల్టన్లే కనుక ఆ హద్దులోనే ఉంటుంది. తవుడు నూనెలో అదే ఆమ్లం స్టిరాల్ అనే కొవ్వు పదార్థంతో కలిసి ఒరైజనాల్‌గా మారి దాదాపు 600 డాల్టన్లకు చేరుతుంది. పెళ్లింట నలుగు పెట్టే వేడుకకు ఉన్న అందం వేరు, దానిని ఎవరూ మానుకోనక్కరలేదు. విటమిన్ సి కోసమని ముఖానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లడం మాత్రం ప్రమాదకరం. నిమ్మజాతి పండ్లలోని ఫ్యూరోకౌమారిన్లు ఎండతో కలిసి బొబ్బలనూ, నల్లమచ్చలనూ తేగలవు.

మొక్క నుంచి వచ్చినది ఎంత వాడినా మేలేనన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు. ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే పురుషులపై జరిపి 1994లో ఫలితాలు వెల్లడించిన పరిశోధనలో, మొక్కలలో సహజంగా ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. చర్మం విషయంలో గొడుగు, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ చేసే పనిని ఏ సీరమూ చేయలేదు. అది వాటికి తోడు మాత్రమే. కొనదలచినవారు వెలుతురు చొరని చిన్న సీసాను ఎంచుకుని, లోపలి ద్రవం ముదురు గోధుమ రంగుకు తిరిగితే విటమిన్ సి చెడిపోయిందని గ్రహించి దానిని పారవేయాలి.