బోర్డో మిశ్రమములో మడ్డి లెక్క

ద్రాక్ష, నిమ్మ తోటలలో తెగుళ్ల నివారణకు బోర్డో మిశ్రమమును మీలో పలువురు వాడుచునే యున్నారు. ఫ్రాన్సు దేశమున మిలార్డే అను శాస్త్రజ్ఞుడు ద్రాక్ష బూజు తెగులునకు దీనిని 1885లో ప్రకటించెను. మందు ఒకటే అయినను ఒకరి తోటకు మేలు చేయును, వేరొకరి తోటలో లేతాకులను మాడ్చును. కారణమేమి? జవాబు ఒక చిన్న లెక్కలో కలదు.

మైలుతుత్తము నీటిలో పూర్తిగా కరగును. అందలి రాగి అట్లు కరిగియున్నచో ఆకును కాల్చును. సున్నపుపాలు కలిసినప్పుడు ఆ రాగి నీటిలో కరగని నీలపు మడ్డిగా మారును. రసాయనశాస్త్రమున దీనిని అవక్షేపము అందురు. ఈ మడ్డియే ఆకుకు అంటుకొని, కొద్దికొద్దిగా రాగిని విడుచుచు, శిలీంధ్రపు బీజములను మొలవనీయదు.

పదార్థములు నియమిత తూకములలోనే ఒకదానితో ఒకటి కలియును. 250 గ్రాముల మైలుతుత్తమునకు 56 గ్రాముల స్వచ్ఛమైన గడ్డసున్నము సరిపోవును. 98 గ్రాముల కాపర్ హైడ్రాక్సైడు మడ్డి దిగును. దీనితో జిప్సము కూడ ఏర్పడును గాని దానిని ఈ లెక్కలో చేర్చలేదు. నూరు లీటర్ల నీటికి వేయు 1 కిలో తుత్తము దీనికి నాలుగు రెట్లు. కనుక కావలసిన సున్నము 224 గ్రాములు, దిగు మడ్డి 392 గ్రాములు.

మరి 1 కిలో సున్నము వేయుమని చెప్పుట ఎందులకు? బజారు సున్నము స్వచ్ఛమైనది కాదు. గాలి తగిలి పొడియైన పాత సున్నము చాలవరకు సుద్దగా మారి పనిచేయదు. ఉదాహరణకు, మీరు వేసిన కిలో పాత సున్నములో పనిచేయునది 140 గ్రాములే అనుకొనుడు. 140ని 56చే భాగించిన 2.5 వచ్చును. అప్పుడు దిగు మడ్డి 2.5 × 98 = 245 గ్రాములు. ఖర్చగు తుత్తము 2.5 × 250 = 625 గ్రాములు. తక్కిన 375 గ్రాములు నీటిలోనే నిలిచి ఆకులను మాడ్చును. ఎక్కువ తుత్తము వేసినను మడ్డి పెరుగదు. కొరతపడిన సరుకే దాని తూకమును నిర్ణయించును.

వాస్తవమున మడ్డిలో ఇతర రాగి లవణములును కలిసియుండును గనుక ఈ అంకెలు ఉజ్జాయింపులు. కావున చల్లుటకు ముందు పరీక్ష తప్పనిసరి. బాగుగా తోమిన ఇనుప కత్తిని మిశ్రమములో ఒక నిమిషము ముంచుడు. కత్తిపై ఎర్రని రాగిపూత కనిపించినచో సున్నము చాలలేదన్న మాట. పూత పట్టనంతవరకు సున్నపుపాలు చేర్చుడు.

తుత్తపు నీటిని సున్నపుపాలలో పోయుచు కలియబెట్టవలెను. ఇనుప పాత్రలు వాడరాదు. మట్టి, చెక్క, ప్లాస్టిక్ పాత్రలు మంచివి. కలిపిన మందును ఆనాడే చల్లవలెను. కొత్త గడ్డసున్నమునకు పెట్టు నాలుగు డబ్బులు తోటను కాపాడును.