పులి వచ్చిందా? పులి ఉంటోందా?

2025 జనవరి. అగ్రికోలో మా వీధి చివర టీకొట్టు దగ్గర ఒకటే మాట: "దల్మాలో పులి దిగిందట." పక్కింటాయన తన ఫోను నా ముందు పెట్టి, "మాస్టారూ, కాస్త చూసి చెప్పండి, ఇది పులేనంటారా?" అని అడిగారు. ఫొటోలో ఎండుగడ్డి, దాని మధ్య పసుపుపచ్చని మచ్చ ఒకటి. పక్కన చెట్టు లేదు, రాయి లేదు, మనిషి లేడు. అది ఆరడుగుల జంతువో, అడుగున్నర జంతువో చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. "చెప్పలేనండీ" అన్నాను. నా జవాబు ఆయనకు నచ్చలేదు. సైన్సు చెప్పేవాడు అవుననో కాదనో తేల్చాలి కదా!

మాకూ దల్మా కొండలకూ మధ్య సువర్ణరేఖ నది ఉంది. మాకిది టీకొట్టు కబురు. కానీ కొండ కింద చాండిల్ వైపు పల్లెల్లో పశువులను అడవికి తోలేవారికి, కట్టెలకు వెళ్లే ఆడవారికి ఇది బతుకు సమస్య. "పులీ లేదు, గిలీ లేదు" అని కొట్టిపారేస్తే ఆవును పోగొట్టుకున్న మనిషికి పరిహారం రాదు. గాలివార్త నమ్మి గుంపుగా కర్రలు పట్టుకుని బయలుదేరితే ఏ అడవిపిల్లో, ఏ హైనానో అన్యాయంగా చస్తుంది. కాబట్టి ఒకచోట పులి ఉందో లేదో శాస్త్రం ఎలా తేలుస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

కంటితో చూస్తే చాలదా?

ముందు మాట దగ్గరే చిక్కు ఉంది. తెలుగులో మనం పెద్దపులినీ పులి అంటాం, చిరుతనూ పులి అంటాం. ఇక్కడి హిందీలో చిరుతను తెందువా అనాలి. కానీ చాలామంది చీతా అనేస్తారు. అసలు చీతా మన దేశంలో అంతరించినట్టు 1952లోనే ప్రకటించారు. 2022 నుంచి ఆఫ్రికా చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదులుతున్నారు. ఒకే సంఘటనను ముగ్గురు చెబితే మూడు జంతువులవుతాయన్నమాట!

రెండో చిక్కు కొలత. మసక వెలుతురులో, దూరంగా, పోల్చుకోవడానికి పక్కన ఏ వస్తువూ లేనప్పుడు కన్ను పరిమాణాన్ని సరిగా అంచనా కట్టలేదు. భయం తోడైతే జంతువు ఇంకా పెద్దదవుతుంది. 2012 ఆగస్టులో ఇంగ్లండులోని ఎసెక్స్‌లో పొలంలో సింహం తిరుగుతోందని కొందరు చెబితే పోలీసులు హెలికాప్టర్లతో వెతికారు. ఏమీ దొరకలేదు. చివరికి అది ఆ చుట్టుపక్కల ఉండే బొచ్చు పెంపుడు పిల్లే అయి ఉంటుందన్నారు. చూసినవారు అబద్ధాలకోరులని కాదు దీనికి అర్థం. వారు నిజంగానే ఒక జంతువును చూశారు. ఏ జంతువన్నదే ప్రశ్న.

బ్రిటన్ నేర్పిన పాఠం

ఈ విషయంలో బ్రిటన్ ఒక మంచి ఉదాహరణ. అక్కడి అడవుల్లో సహజంగా పెద్దపులులు గానీ చిరుతలు గానీ లేవు. లింక్స్ అనే మధ్యరకం పిల్లిజాతి జంతువు కూడా వందల ఏళ్ల క్రితమే అంతరించింది. అయినా పల్లెల్లో "నల్లచిరుతను చూశాం", "ప్యూమాను చూశాం" అని దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు.

ఈ మాటలకు కొంత కారణం లేకపోలేదు. ఒకప్పుడు అక్కడ క్రూరమృగాలను ఇంట్లో పెంచుకోవడానికి పెద్ద అడ్డంకి ఉండేది కాదు. 1969లో లండన్‌లోని హారడ్స్ దుకాణంలో సింహం పిల్లనే అమ్మారు! 1976లో ప్రమాదకర జంతువుల చట్టం వచ్చి లైసెన్సు తప్పనిసరైంది. అప్పుడు కొందరు తమ జంతువులను గుట్టుగా అడవుల్లో వదిలేశారని అంటారు. 1980లో స్కాట్లండులో ఒక రైతు పెట్టిన బోనులో నిజంగానే ప్యూమా పడింది. మనుషులకు బాగా మచ్చికైన జంతువది. 2001లో లండన్ నగరంలోనే ఒక లింక్స్‌ను పట్టుకున్నారు.

1995లో బ్రిటిష్ వ్యవసాయ మంత్రిత్వశాఖ కార్న్‌వాల్‌లోని బాడ్మిన్ మూర్ ప్రాంతంలో విచారణ జరిపించింది. అక్కడ పెద్ద పిల్లిజాతి జంతువు ఉందనడానికి రుజువు దొరకలేదని, అయితే లేదని రుజువు చేయడమూ సాధ్యం కాదని నివేదిక చెప్పింది. ఆ వెంటనే ఫోవీ నదిలో ఒక కుర్రవాడికి పుర్రె దొరికింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పరీక్షిస్తే అది చిరుత పుర్రేనని తేలింది. కథ ముగిసిందనుకున్నారు. కానీ పుర్రె లోపల ఉష్ణదేశపు బొద్దింక గుడ్ల సంచి ఒకటి ఉంది. బ్రిటన్ చలిలో ఆ బొద్దింక అక్కడ గుడ్లు పెట్టే అవకాశం లేదు. పుర్రె మీద కత్తిగాట్లు కూడా ఉన్నాయి. ఎవరో విదేశం నుంచి తెచ్చిన చిరుతచర్మపు తివాచీలోని తల అది! చూడండి, పుర్రె అసలుదే, చిరుతా అసలుదే. అది బాడ్మిన్‌లో బతికిందనడం మాత్రమే తప్పు.

సాక్ష్యాలలో మెట్లు

సాక్ష్యాలన్నీ ఒకే బరువు కలవి కావు. వాటిని మెట్లుగా ఊహించుకుందాం.

కింది మెట్టు అడుగుజాడ. కుక్క నడిచినచోట గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి సాధారణంగా పడవు. చిరుత అడుగు వెడల్పు సుమారు 7 నుంచి 9 సెంటీమీటర్లు; పెద్దపులిది 12 నుంచి 15 దాకా ఉంటుంది. మనకు దగ్గరలోనే ఉన్న ఒడిశాలోని సిమిలిపాల్‌కు క్షేత్ర సంచాలకులుగా పనిచేసిన సరోజ్ రాజ్ చౌధురి 1960లలో ఈ అడుగుజాడలతోనే పులులను లెక్కించే పద్ధతిని రూపొందించారు. అయితే మెత్తని బురదలో అడుగు విచ్చుకుంటుంది, గట్టినేలలో కుంచించుకుపోతుంది. ఒకే పులిని రెండుగా లెక్కించే ప్రమాదం ఉంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004 లెక్కల ప్రకారం 16 నుంచి 18 పులులుండాలి. 2005లో గట్టిగా వెతికితే ఒక్కటీ లేదు. వేటగాళ్లు అన్నింటినీ చంపేశారు. కాగితం మీద మాత్రం పులులు తిరుగుతూనే ఉన్నాయి!

పై మెట్టు కెమెరా ట్రాప్. జంతువు ముందు నుంచి వెళ్లగానే దానంతట అదే ఫొటో తీసే పెట్టె ఇది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. దీన్ని ఆధారం చేసుకుని ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో పులుల సంఖ్యను అంచనా వేసే పద్ధతిని 1995లో ప్రచురించారు. ఇప్పుడు దేశవ్యాప్త గణన ప్రధానంగా ఈ దారిలోనే నడుస్తోంది. 2022 గణన ప్రకారం దేశంలో సగటున 3,682 పులులు, 13,874 చిరుతలు ఉన్నాయని అంచనా.

ఇంకో గట్టి మెట్టు డీఎన్‌ఏ. మలం, వెంట్రుక, చచ్చిన పశువు మీది లాలాజలం నుంచి జాతిని గుర్తించవచ్చు. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి పరీక్షలకు పేరుపొందింది. బ్రిటన్‌లోనూ 2024 మే నెలలో ఒక కబురు వచ్చింది. కంబ్రియాలో చచ్చిన గొర్రె మీద తీసిన నమూనాలో పాంథెరా డీఎన్‌ఏ ఉందని వార్విక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒకరు తేల్చారు. సింహం, పులి, చిరుత, జాగ్వార్ అన్నీ పాంథెరాలే. ఇది తోసిపుచ్చదగిన సాక్ష్యం కాదు. కానీ ఒక జంతువు వచ్చి తిని ఉండవచ్చని మాత్రమే అది చెబుతుంది. అలాంటివి ఎన్ని ఉన్నాయో, పిల్లలు పెడుతున్నాయో చెప్పదు.

దొరకకపోవడం కూడా సాక్ష్యమే

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. పెద్దపులి వారానికి ఒకటి చొప్పున ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను చంపుతుంది. చిరుతకు కాస్త చిన్న వేట చాలు, కానీ వేట తప్పదు. బ్రిటన్‌లో తరాల తరబడి నిలిచే సంతతి ఉండాలంటే కనీసం 50 చిరుతలున్నాయనుకుందాం. వారానికి ఒకటి చొప్పున ఏడాదికి 2,500 కళేబరాలు! వాటితోపాటు మలం, పిల్లలు, ముసలివై చచ్చినవి, కార్ల కింద పడినవి కనిపించాలి. అంత చిన్న దేశంలో, అన్ని రోడ్ల మధ్య, ఇన్నేళ్లలో రోడ్డు మీద చచ్చిన ఒక్క చిరుతా ధృవపడలేదు.

"కనబడలేదు కాబట్టి లేదు" అనడం మామూలుగా తొందరపాటే. కానీ ఉంటే తప్పక కనబడాల్సినచోట, బాగా వెతికినా కనబడకపోతే, ఆ కనబడకపోవడమే సాక్ష్యమవుతుంది. పైగా 2025 జనవరిలోనే స్కాట్లండులోని కెయిర్న్‌గార్మ్స్‌లో ఎవరో చట్టవిరుద్ధంగా నాలుగు లింక్స్‌లను వదిలారు. కొద్దిరోజుల్లోనే నాలుగూ దొరికాయి. పాపం, ఒకటి చనిపోయింది. నిజంగా ఉన్న జంతువు గుర్తులు వదలకుండా ఉండలేదు.

కాబట్టి ప్రశ్నను రెండుగా విడదీయాలి. పులి వచ్చిందా? పులి ఉంటోందా? మొదటిదానికి ఒక్క గట్టి సాక్ష్యం చాలు. రెండోదానికి ఏళ్ల తరబడి సాక్ష్యం కావాలి; ఆడ, మగ, పిల్లలు, వాటికి సరిపడా జింకలు, పందులు ఉండాలి. బ్రిటన్‌లో మొదటి ప్రశ్నకు అప్పుడప్పుడూ "అవును". రెండోదానికి ఇంతవరకు దొరికిన సాక్ష్యాన్ని బట్టి "లేదు".

మళ్లీ దల్మాకు

ఇప్పుడు మన పులి సంగతి. అంతకు ముందే, 2024 డిసెంబరులో, జీనత్ అనే ఆడపులి సిమిలిపాల్ దాటి మన జిల్లాలోని చాకులియా అడవుల మీదుగా పశ్చిమ బెంగాల్‌లోకి వెళ్లింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి తెచ్చిన పులి అది. మెడలో రేడియో కాలర్ ఉంది కాబట్టి దాని విషయంలో వాదనే లేదు. డిసెంబరు 29న బాంకురా జిల్లాలో మత్తుమందు ఇచ్చి పట్టి, మళ్లీ సిమిలిపాల్ చేర్చారు.

తర్వాత వచ్చిన మగపులికి కాలర్ లేదు. అందుకే మెట్టు మెట్టుగా సాక్ష్యం కూడింది. చాండిల్ వైపు చచ్చిన పశువు, అడుగుజాడలు, ఆపైన కెమెరాలో చారలు. చివరికి 2025 జూన్ 25న రాంచీ జిల్లా సిల్లి దగ్గర మారుదు గ్రామంలో ఒక ఇంట్లోకి దూరి పట్టుబడింది. దాన్ని పలాము పులుల అభయారణ్యంలో వదిలారు. చారలను బట్టి అది పలాము ప్రాంతంలో అంతకుముందే కనిపించిన పులేనని అధికారులు చెప్పారు. 2018 గణనలో ఒక్క పులీ దొరకని పలాముకు అది పెద్ద కబురే.

అంటే దల్మాకు పులి వచ్చిందన్నది నిజం. దల్మాలో పులులు కాపురం ఉంటున్నాయనడానికి మాత్రం ఇది సాక్ష్యం కాదు. అయితే పలాము నుంచి దల్మా దాకా, అక్కడి నుంచి బెంగాల్ దాకా పులి నడిచి వెళ్లగల అడవి దారి ఇంకా మిగిలి ఉందని ఆ ఒంటరి పులి మనకు చూపించి వెళ్లింది. ఆ దారి తెగితే రేపు రెండో ప్రశ్న వేసే అవకాశమే ఉండదు.

మీకెప్పుడైనా అనుమానపు అడుగుజాడ కనిపిస్తే పక్కన స్కేలో, పెన్నో, చెప్పో పెట్టి ఫొటో తీయండి. చచ్చిన పశువును కదపకండి. చోటు, సమయం రాసుకుని అటవీశాఖకు చెప్పండి. ఊరందరికీ పంపడం ఆ తర్వాతి సంగతి.

జూన్‌లో పక్కింటాయన మళ్లీ ఫోను పట్టుకొచ్చారు. ఈసారి బొమ్మలో పులి, దాని ముందు బోను ఊచలు, చుట్టూ అటవీశాఖ మనుషులు. "ఇప్పుడేమంటారు మాస్టారూ?"

"పులేనండీ. ఇందులో కొలత ఉంది కదా!" అన్నాను.