షోరూముకు చేరని గుర్రాలు

కారు ఇంజను బలాన్ని చెప్పడానికి హార్స్‌పవర్ అనే కొలత వాడుకలో ఉంది. ఇంజను షాఫ్టును తిప్పే బలాన్ని, అంటే టార్కును, అది నిమిషానికి తిరిగే చుట్ల లెక్కతో కలిపి చూస్తే తేలేది ఈ అంకె. మన దేశంలో అమ్మకపు పత్రాలపై కనిపించే పీఎస్ అనే అక్షరాలు దీనికే జర్మన్ పేరు, ఒక పీఎస్ 735.5 వాట్లకు సమానం. అయితే ఒకే ఇంజనుకు దాన్ని రూపొందించిన ప్రయోగశాలలో ఒక అంకె, అమ్మకపు పత్రంలో మరొక అంకె, బండి చక్రాల దగ్గర ఇంకొక అంకె ఉండడం, వీటిలో తొలి నమూనాకు వచ్చినదే పెద్దది కావడం ఈ పరిశ్రమలో దాదాపు రివాజు. మధ్యలో తగ్గిన గుర్రాలు ఏమయ్యాయని విచారిస్తే, వాటిలో కొన్ని మొదటి నుంచీ లెక్కలో తప్ప ఎక్కడా లేనివనీ, కొన్ని దారిలో ఖర్చయ్యాయనీ, చాలావాటిని కంపెనీయే తెలిసి కట్టేసిందనీ తేలుతుంది.

లెక్కలో మాత్రమే ఉండే శక్తి ఎలాంటిదో ఘనపూర్ మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి. పేరుకు మొత్తం 1100 మెగావాట్లే అయినా, బొగ్గును పిండి చేసే మిల్లులు, బాయిలరులోకి నీళ్లు తోసే పంపులు, గాలి ఊదే భారీ ఫ్యాన్లు ఆ కరెంటులోనే తమ వాటా తింటాయి కనుక, తీగలెక్కి ఊళ్లకు వెళ్లేది అంతకంటే తక్కువే. కారు ఇంజనుదీ ఇదే సంసారం. నీళ్ల పంపు, ఫ్యాన్, ఏసీ కంప్రెసర్, మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్, ఇవన్నీ ఇంజను కండనే తింటూ బతుకుతాయి; పీల్చే గాలికి ఫిల్టరు, వదిలే పొగకు సైలెన్సరు అడ్డుపడతాయి.

పరీక్ష గదిలో నమూనా ఇంజనుకు ఈ బరువులేవీ లేకుండా చేయడం కష్టం కాదు. ఇంజనును ఇనుప దిమ్మెకు బిగించి, దాని షాఫ్టుకు డైనమోమీటర్ అనే యంత్రాన్ని తగిలిస్తారు. ఇంజను తిరగబోతుంటే ఆ యంత్రం బ్రేకులా పట్టి ఆపుతూ, ఎంత బలంతో ఆపవలసి వచ్చిందో తూచి చెబుతుంది. చల్లటి నీళ్లు బయటి నుంచి గొట్టంలో వస్తాయి, పొగ వెడల్పాటి గొట్టంలో అడ్డు లేకుండా బయటికి పోతుంది. అమెరికాలో ఇలా బోసిగా నిలబెట్టి కొలిచిన అంకెనే గ్రాస్ హార్స్‌పవర్ పేరుతో ఏళ్ల తరబడి ప్రకటనల్లో వేసి, 1972 నుంచి అన్నీ తగిలించి కొలిచిన నెట్ అంకెకు మారారు. క్యాడిలాక్ ఎల్డొరాడో కారులోని 8.2 లీటర్ల ఇంజను 1971లో 365 గుర్రాలదని పేరు తెచ్చుకుని, మరుసటి ఏడాది 235కు దిగివచ్చింది. లోపలి ఇనుములో చెప్పుకోదగ్గ మార్పేమీ జరగలేదు, మారింది కొలిచే పద్ధతి.

ట్రాక్టరు ఉన్న రైతుకు ఈ తేడా కొత్త కాదు. 45 హార్స్‌పవర్ ట్రాక్టరుకు వెనుక పీటీవో దగ్గర, అంటే రోటవేటరునూ నూర్పిడి యంత్రాన్నీ తిప్పే షాఫ్టు దగ్గర, అందేది 40కి అటూ ఇటూగానే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించేటప్పుడు శక్తిని పీటీవో దగ్గరే కొలుస్తుంది, కంపెనీలు కూడా రెండు అంకెలనూ పత్రంలో వేస్తాయి. కార్ల పత్రాల్లో మాత్రం చక్రాల దగ్గరి అంకె ఎక్కడా కనిపించదు, అడిగేవారు కూడా అరుదే.

కొలత సంగతి పక్కనపెట్టినా, అసలైన తేడా ఒక ఇంజనుకూ లక్ష ఇంజన్లకూ మధ్య ఉంది. నమూనా ఇంజనును అనుభవజ్ఞులైన పనివారు కొద్దిమంది కూర్చుని బిగిస్తారు. నాలుగు పిస్టన్లనూ తూచి సమానమైన బరువున్న వాటిని ఏరుకుంటారు, గాలి దారుల లోపలి గరుకును అరగదీసి నున్నగా చేస్తారు, నచ్చని భాగాన్ని పక్కనపడేసి ఇంకొకటి తీసుకుంటారు. కర్మాగారంలో ఈ వెసులుబాటు ఉండదు. కియా సంస్థ 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో ఎస్పీ కాన్సెప్ట్ అనే నమూనా కారును చూపించి, 2019 జనవరిలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కొత్త కర్మాగారంలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టి, ఆగస్టులో ఆ కారును సెల్టోస్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ప్రయోగాత్మక ఉత్పత్తి జరిగే నెలల్లో తేలవలసిన విషయం కారు బాగుందా లేదా అన్నది కాదు, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యమున్న వరుసలో ఏ షిఫ్టులో ఎవరు బిగించినా అదే కారు వస్తుందా అన్నది. పోతలో, కోతలో వెంట్రుక మందం తేడాలు తప్పవు; అందుకే పత్రంలో వేసే అంకెను అన్నిటికంటే బాగా వచ్చిన ఇంజనును చూసి వేయరు, అంతంతమాత్రంగా వచ్చినది కూడా అందుకోగలిగేలా చూసి వేస్తారు.

ఈ జాగ్రత్త తప్పితే ఏం జరుగుతుందో ఫోర్డ్ సంస్థ 1999లో చూసింది. ఆ ఏటి మస్టాంగ్ కోబ్రా కారుకు 320 హార్స్‌పవర్ అని ప్రకటించగా, కొన్నవారు సొంత ఖర్చుతో కొలిపించుకుని, 305 అంకె ఉన్న పాత కోబ్రా కంటే ఇది మెరుగ్గా లేదని తేల్చారు. లోపం ప్రధానంగా ఇన్‌టేక్ మానిఫోల్డులో, అంటే గాలిని సిలిండర్లకు పంచే అల్యూమినియం గొట్టాల సముదాయంలో ఉంది. దాని లోపలి దారులు రూపకర్తలు అనుకున్నంత నున్నగా రాకపోవడంతో, ఊపిరి బిగబట్టిన మనిషిలా ఇంజను పై వేగాల్లో తేలిపోయింది. ఆగస్టులో ఫోర్డ్ అమ్మకాలు ఆపి, అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి, మానిఫోల్డునూ పొగ గొట్టాలనూ మార్చి, ఇంజను కంప్యూటర్‌లోని లెక్కలను తిరిగి సరిదిద్దింది. 2000లో మామూలు కోబ్రా మార్కెట్టుకే రాలేదు. మజ్దా ఆర్‌ఎక్స్-8 సంగతి మరో రకం: అమెరికాలో 247 అని చెప్పిన అంకెను 2003లో 238కి దించి, ఇష్టం లేనివారి కార్లను తిరిగి కొంటామని కంపెనీయే ముందుకు వచ్చింది.

మజ్దా ఆ గుర్రాలను వదులుకున్నది పొగ నియమాల కోసం, పొగలోని విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ మన్నిక కోసం. ఇంజనుకు పూర్తి బలం వచ్చే సర్దుబాటూ, శుభ్రమైన పొగ వచ్చే సర్దుబాటూ ఒకటి కావు. నమూనా దశలో మొదటిదానితో మురిసినవారు సర్టిఫికెట్ నాటికి రెండోదానికి రాక తప్పదు. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నియమాలు వచ్చినప్పుడు ఇది బైకులవారికీ తెలిసివచ్చింది. ఘనపూర్ సందుల్లో ఎటు చూసినా కనిపించే స్ప్లెండర్ ప్లస్, కార్బురేటర్ పోయి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి వచ్చినా, 8.36 పీఎస్ నుంచి 8.02కు తగ్గింది. నడిపేవారికి ఆ తేడా తెలియదు, పత్రం చదివేవారికి మాత్రం గుచ్చుకుంటుంది. కొన్నిసార్లు అవసరాన్ని బట్టి కూడా గుర్రాలను కట్టేస్తారు: కియా సోనెట్‌లో ఒకే 1.5 లీటర్ల డీజిల్ ఇంజను మాన్యువల్ గేర్లతో 100 పీఎస్, వేరే రకం టర్బో అమర్చిన ఆటోమేటిక్ కారులో 115 పీఎస్ ఇచ్చేలా వచ్చింది.

ఇక మిగిలింది ఎండ, ఇంధనం. పెట్రోలు మరీ నాసిరకమైతే, స్పార్కు ప్లగ్గు నిప్పు అంటించిన మంట చేరకముందే సిలిండరులో ఓ మూల మిశ్రమం తనంతట తాను పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనే ఆ టకటక శబ్దం ఎక్కువకాలం సాగితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. ఈ పేలుడును తట్టుకునే గుణానికి కొలత ఆక్టేన్ సంఖ్య. ప్రయోగశాలలో మేలురకం పెట్రోలుతో స్పార్కును ముందుకు జరిపి బలం రాబట్టవచ్చు కానీ, పల్లెటూరి బంకులో దొరికే మామూలు పెట్రోలును నమ్ముకుని అమ్మే కారులో స్పార్కును వెనక్కి జరిపే ఉంచుతారు. పైగా కొలతల ప్రమాణం ప్రకారం శక్తి లెక్కను 25 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసి వేస్తారు. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గాలి పలచబడి, సిలిండరులోకి చేరే గాలిలో వంద వంతులకు ఆరు వంతులు తగ్గుతాయి, గాలి తగ్గితే కాలే ఇంధనమూ తగ్గుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే యాసంగి వరి కోతలు సాగుతాయి. పాత రకం ట్రాక్టర్లకు ఉండే ఆయిల్ బాత్ ఫిల్టరులో గాలి నూనె గిన్నె మీదుగా సుడి తిరిగి లోపలికి పోతుంది. కల్లంలో పొట్టూ దుమ్మూ ఎగిరే వారం రోజులకే ఆ గిన్నె అడుగున నల్లటి బురద పేరుకుని, దాన్ని కడిగి కొత్త నూనె పోసేదాకా బండి ఎత్తు ఎక్కేటప్పుడల్లా నల్లపొగ వదులుతుంది.