మనిషి గొంతు మాయమయ్యే చోటు: పింక్ ఫ్లాయిడ్ ‘యానిమల్స్’

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బాటర్సీ విద్యుత్ కేంద్రం, దాని పొగగొట్టాల మధ్య గాలిలో ఒక పంది. 1977 జనవరిలో వచ్చిన బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘యానిమల్స్’ అట్ట మీది బొమ్మ ఇది. అట్టను గుర్తుపట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. లోపలి పాటలను మొదటి నుంచి చివరి దాకా విన్నవాళ్లు అంతమంది లేరు. అంతకు నాలుగేళ్ల ముందు వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’, రెండేళ్ల తర్వాత వచ్చిన ‘ది వాల్’ పేరుప్రఖ్యాతుల మధ్య ఇది వెనకబడిపోయింది. నా మటుకు ఆ బృందం పాటల్లో ఇంతకన్నా చీకటి నిండినవి లేవు. ఆ చీకటి మాటల్లో ఉన్నదానికన్నా శబ్దంలో ఎక్కువగా ఉంది. కాబట్టి ఇంగ్లిష్ పాటల ఉచ్చారణ అందని శ్రోతలు కూడా దాన్ని పట్టుకోగలరు.

ముందు రెండు మాటల అర్థం చూద్దాం. మూడు నాలుగు నిమిషాల పాట చట్రాన్ని వదిలి, పొడవైన, భాగాలు భాగాలుగా సాగే నిర్మాణాలను రాక్ సంగీతంలోకి తెచ్చిన ధోరణిని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. పాటలన్నీ ఒకే ఆలోచన చుట్టూ అల్లుకుని ఉంటే అది కాన్సెప్ట్ ఆల్బమ్. ‘యానిమల్స్’ ఈ రెండూ. ఇందులో ఉన్నవి అయిదే పాటలు. నడుమ మూడు పెద్దవి: పదిహేడు నిమిషాల ‘డాగ్స్’, పదకొండున్నర నిమిషాల ‘పిగ్స్’, పది నిమిషాలు దాటే ‘షీప్’. మొదటా చివరా ఒక్కొక్కటి నిమిషంన్నర కూడా లేని రెండు చిన్న పాటలు. నిజానికి ఆ రెండూ ‘పిగ్స్ ఆన్ ది వింగ్’ అనే ఒకే పాటకు రెండు సగాలు.

మనుషులను జంతువుల జాతులుగా విడదీయడం జార్జ్ ఆర్వెల్ 1945 నాటి ‘యానిమల్ ఫామ్’ నుంచి వచ్చింది. కానీ ఆర్వెల్ గురిపెట్టింది స్టాలిన్ పాలన మీద. ఈ పాటల్లో చాలా భాగం రాసిన బృంద సభ్యుడు రోజర్ వాటర్స్ గురిపెట్టింది తన సొంత దేశంలోని డబ్బు లోకం మీద. ఇక్కడ కుక్కలు వ్యాపారంలో ఎదుటివాడిని కరిచి పైకొచ్చేవాళ్లు. పందులు పైన కూర్చుని నీతులు చెప్పేవాళ్లు. గొర్రెలు మిగిలిన అందరూ. ఆ కాలపు బ్రిటన్‌ను కూడా గుర్తుంచుకోవాలి. ధరలు మండిపోతున్నాయి, 1976లో ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పుకు వెళ్లింది. అదే ఏడాది బృందం లండన్‌లోని తమ సొంత స్టూడియో బ్రిటానియా రోలో ఈ ఆల్బమ్ రికార్డు చేసింది.

విశేషమేమిటంటే జంతువుల ఆలోచన కన్నా పెద్ద పాటల్లో రెండు ముందే పుట్టాయి. ‘డాగ్స్’నూ ‘షీప్’నూ 1974 నుంచే వేరే పేర్లతో కచేరీల్లో వాయిస్తున్నారు. 1975 నాటి ‘విష్ యు వర్ హియర్’ ఆల్బమ్‌లో వాటికి చోటు దొరకలేదు. తర్వాత వాటర్స్ పేర్లు మార్చి, మాటలు సవరించి వాటిని ఈ చట్రంలోకి తెచ్చాడు. ముందే ఉన్న సంగీతానికి తర్వాత వచ్చిన ఆలోచన ఇంత బిగువుగా అతకడం ఎలా సాధ్యమైందో తెలియాలంటే ‘డాగ్స్’ను దగ్గరగా వినాలి.

అకూస్టిక్ గిటార్ దూరం నుంచి వస్తున్నట్టు మెల్లగా మొదలవుతుంది. బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ పాట అందుకుంటాడు. అది ‘నువ్వు’ అంటూ సాగే ఉపదేశం: ఎదుటివాడి నమ్మకం సంపాదించడం, అదను చూసి దెబ్బ తీయడం, వీపు ఎవరికీ చూపించకపోవడం. ఆ తర్వాత అదే గొంతు ఆ బతుకు ఎక్కడికి చేరుతుందో కూడా చెబుతుంది. ముసలితనం, ఒంటరితనం, జబ్బుతో చావు. చివరికి రాయి బరువుతో నీళ్లలో మునగడం.

ఆ రాయి దగ్గర జరిగేదే ఈ ఆల్బమ్‌కు గుండెకాయ. రాయి అనే మాట పాడగానే అది ప్రతిధ్వనిగా మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కాస్త అరిగిపోతుంది. డ్రమ్స్ నెమ్మదిస్తాయి. సింథసైజర్, అంటే విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాయిద్యం, బరువుగా పరుచుకుంటుంది. కొద్దిసేపటికి వినిపిస్తున్నది మాటో మోతో చెప్పలేని స్థితి. ఆపైన కుక్కల అరుపులు. అవి మామూలు అరుపులు కావు, వోకోడర్‌లో నుంచి వచ్చినవి. నోటి శబ్దపు ఆకృతిని వాయిద్యపు శబ్దానికి తొడిగే యంత్రం వోకోడర్. మూడు నిమిషాలకు పైగా ఈ నీళ్ల అడుగునే ఉంటాం. మొదటిసారి వినేవారికి ఇది సాగతీతగా తోచవచ్చు. నాకు మాత్రం ఈ సాగడమే అవసరం అనిపిస్తుంది. మునిగిపోవడం గురించి చెప్పి ఊరుకోకుండా, దానికి పట్టేంత సమయం శ్రోతనూ అక్కడ ఉంచుతుంది.

మళ్లీ గిటార్ పైకి తేలినప్పుడు గొంతు మారిపోయి ఉంటుంది. ఇప్పుడు పాడుతున్నది వాటర్స్. మాట కూడా ‘నువ్వు’ నుంచి ‘నేను’కు మారుతుంది. ఇంతసేపూ ఉపదేశం విన్న కుక్క తొలిసారి నోరు తెరిచి, తనకేదో అనుమానంగా ఉందని చెప్పుకుంటుంది. తనను వాడుకుంటున్నారేమో అని. ఆ తర్వాత ఒకే అచ్చులో పోసిన వాక్యాలు వరుసగా వస్తాయి. బాధలు నిండిన ఇంట్లో పుట్టడం, మచ్చిక కావడం, ఒంటరిగా చచ్చిపోవడం అన్నీ ఒక చార్జిషీటులా పేరుస్తాడు. చివరి మాట మళ్లీ రాయే. నిందితుడి మీద జాలి కలిగేలా రాసిన చార్జిషీటు ఇది. అందుకే ‘డాగ్స్’ ఉత్త వెక్కిరింపుగా మిగలలేదు.

‘పిగ్స్’ నా దృష్టిలో మూడింటిలో బలహీనమైనది. ఇందులో వాటర్స్ మూడు పందులను ఎంచుకుని తిడతాడు. మూడోది మేరీ వైట్‌హౌస్ అని పేరు పెట్టే చెప్పాడు. టీవీలో అశ్లీలత మీద ఉద్యమం నడిపిన ఆమె పేరు ఆనాటి బ్రిటన్‌లో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ కోపం అర్థం కావాలంటే ఎవరో ఒకరు వివరించాలి. కుక్కల మీద చూపిన జాలి పందుల మీద లేకపోవడం వల్ల పాట లోతు తగ్గింది. అయితే శబ్దం విషయంలో ఇదీ అదే దారిన నడుస్తుంది. గిల్మర్ ఇక్కడ టాక్ బాక్స్ వాడాడు. ఆ పరికరం గిటార్ శబ్దాన్ని గొట్టం గుండా వాయించేవాడి నోట్లోకి పంపితే, అతను నోటి కదలికలతో దానికి రూపం ఇస్తాడు. అంటే గిటార్‌కు మనిషి నోరు దొరికింది. ఆ నోట్లోంచి బయటికి వచ్చింది మాత్రం పంది గురక.

‘షీప్’ ఆరంభం ఆల్బమ్ అంతటిలోకీ అందమైనది. పచ్చికలో గొర్రెల అరుపులు, పిట్టల కూతలు, వాటి మీద బృంద సభ్యుడు రిచర్డ్ రైట్ ఎలక్ట్రిక్ పియానో తీరికగా నడుస్తుంది. ఈ ఆల్బమ్‌లో ఒక్క పాటకూ రైట్ పేరు రచయితగా లేదు. ఆ కాస్త వాయింపు వింటే అది ఎంత అన్యాయమో తెలుస్తుంది. తర్వాత బేస్ గిటార్ పరుగు అందుకుంటుంది. వాటర్స్ గొంతు చించుకుని పాడుతూ పాదం చివరి అక్షరాన్ని లాగుతాడు. లాగుతుండగానే అదే స్థాయిలో సింథసైజర్ వచ్చి దాన్ని మింగేస్తుంది. మనిషి ఎక్కడ ఆగాడో, యంత్రం ఎక్కడ అందుకుందో ఎంత జాగ్రత్తగా విన్నా నేను గీత గీయలేను. కుక్క గొంతు అరిగిపోయి పోయింది. గొర్రె గొంతును ఇంకొకరు లాక్కున్నారు, అదీ గొర్రెకు తెలియకుండా.

మధ్యలో సంగీతం చల్లబడి, యంత్రంలోంచి వచ్చినట్టున్న గొంతు ఒకటి ప్రార్థన చదువుతుంది. అది బైబిల్‌లోని 23వ కీర్తనకు వక్రరూపం. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలు కూడా కంఠతా చెప్పే కీర్తన అది. అక్కడ కాపరి గొర్రెలను పచ్చిక బయళ్లకు నడిపిస్తాడు. ఇక్కడ అదే భక్తిస్వరంలో, గొర్రెలను కోసి కొక్కేలకు వేలాడదీస్తాడు. నమ్మకం ఉన్నవారికి ఇది బాధ కలిగిస్తుంది. నిజానికి ఇక్కడ దెబ్బ పడుతున్నది కాపరి వేషం వేసుకున్న కసాయి మీదనే అని నేననుకుంటాను. ఆ తర్వాత గొర్రెలు తిరగబడి కుక్కలను చంపేస్తాయి. ఆర్వెల్ కథలో లేని మలుపు ఇది. గిటార్ విజయోత్సాహంతో మోగుతుంది. కానీ ఆ వెంటనే వచ్చే మాటలు ఇళ్లలోనే ఉండమని, చెప్పింది చేయమని హెచ్చరిస్తాయి. ఆ ఆజ్ఞ ఎవరిదో పాట చెప్పదు. పిట్టలు మళ్లీ కూస్తాయి.

అప్పుడు ‘పిగ్స్ ఆన్ ది వింగ్’ రెండో సగం వస్తుంది. ఒక గొంతు, ఒక గిటార్, అంతే. ఏ యంత్రమూ దాన్ని మార్చదు. మొదటి సగంలో ‘ఒకరినొకరం పట్టించుకోకపోతే’ అన్న ఊహ ఉంది. నడుమ ముప్పై తొమ్మిది నిమిషాల పాటు ఆ ఊహ నిజమైతే ఎలా ఉంటుందో విన్నాం. ఇప్పుడు గాయకుడు తనకు పట్టింపు ఉందని, నీకూ ఉందని తెలుసునని చెబుతాడు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాడు: తానూ కుక్కల్లో ఒకడినే, తనకూ ఒక ఇల్లు కావాలి, పైన ఎగిరే పందుల నుంచి తలదాచుకునేందుకు. అట్ట మీది పంది ఆ ప్రమాదమే.

ఇంత చీకటికి ఈ చిన్న పాట చాలదన్నవాళ్లు ఉన్నారు. చాలదు, నిజమే. పాట కూడా పందులను గెలిచానని చెప్పడం లేదు. తలదాచుకోవడానికి ఒక మనిషి దొరికారని మాత్రమే చెబుతోంది. నాకు ఈ కొలతే నిజాయితీగా కనిపిస్తుంది. అప్పట్లో ఎయిట్ ట్రాక్ కార్ట్రిడ్జ్ అనే టేపు మీద వచ్చిన రూపంలో స్నోయీ వైట్ వాయించిన గిటార్ సోలో ఒకటి ఈ రెండు సగాలనూ కలిపేస్తుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ రెంటి మధ్య దూరం పోతే పాట బలమూ పోతుంది.

1977 జులై 6న మాంట్రియల్ స్టేడియంలో జరిగిన కచేరీలో, ముందు వరసలో గోల చేస్తున్న ఒక శ్రోత మీద వాటర్స్ ఉమ్మేశాడు. తర్వాత తన పనికి తానే నిర్ఘాంతపోయాడు. శ్రోతలకూ తనకూ మధ్య గోడ కట్టుకోవాలన్న ఊహ అక్కడే మొదలై ‘ది వాల్’ అయింది. ‘యానిమల్స్’ విన్నాక దాన్ని వింటే, తానూ కుక్కనేనని ఒప్పుకున్న మనిషే ఆ గోడ కడుతున్నాడని తెలుస్తూ ఉంటుంది.