వాడకు దక్కాల్సిన ఆసరా: అంగన్‌వాడీ నుంచి హాస్టల్ దాకా

సంక్షేమం అనే మాట పాలకుల నోట పథకాల పేర్లుగా, కోట్ల లెక్కలుగా వినిపిస్తుంది. మాలపల్లెలో, మాదిగవాడలో ఆ మాటకు అర్థం వేరు. అంగన్‌వాడీ ఏ వీధిలో ఉంది? రేషన్ షాపు ఎవరి అరుగు మీద నడుస్తోంది? పిల్లకు హాస్టల్లో సీటు దొరికిందా? కాలేజీ ఫీజు వచ్చిందా, సర్టిఫికెట్లు చేతికిచ్చారా? పొద్దున్నే కూలికి పోయే తల్లికి సంక్షేమమంటే ఇవే. దళిత యువతకూ కుటుంబాలకూ ఊరి దగ్గరే అందాల్సిన ఆసరాలేమిటో, అవి ఎట్లా నడుస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో ఈ వ్యాసంలో వివరించే ప్రయత్నం చేస్తున్నాము. మా వాదన ఒక్కటే. చట్టంలో ఉన్న ఆసరాకూ వాడలో అందే ఆసరాకూ మధ్య ఒక దూరం ఉంది. అది చాలావరకు కులం పెట్టిన దూరం. దాన్ని కొలిచి, అధికారి ముందు పెట్టి, తగ్గించే పనికి వాడలోని సంఘం పూనుకుంటే తప్ప అది తగ్గదు.

దయగా వచ్చినవి కావు

హాస్టల్, రాత్రిబడి, చదువుకునే గది ప్రభుత్వాలు కనికరించి ఇచ్చినవన్న అభిప్రాయం మనవాళ్లలోనూ ఉంది. చరిత్ర అట్లా లేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టారు. 1911లో మన్యసంఘం ఏర్పడింది. అంటరానివారి పేటల్లో తాగుడుకూ, జోగిని ఆచారానికీ, బాల్యవివాహాలకూ వ్యతిరేకంగా ప్రచారం చేస్తూనే ఆయన పిల్లలకు బడులు తెరిచారు. కోస్తా జిల్లాల్లో క్రైస్తవ మిషన్ల 'బోర్డింగులు' మాల మాదిగ పిల్లలకు తిండీ చదువూ ఒక్కచోట దొరికిన తొలి తావులు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 ప్రాంతంలో ఏర్పడిన లేబర్ శాఖ ఇళ్ల స్థలాలు, బడులు, హాస్టళ్ల పనికి దిగింది. అంబేడ్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, 1925లో ఆ సభ తరఫున షోలాపూర్‌లో హాస్టల్ తెరిపించారు. ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డు కులాల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది.

మన పెద్దలు చందాలు వేసుకుని మొదలుపెట్టినవాటిని, కొట్లాడి కొట్లాడి ప్రభుత్వం నెత్తిన బాధ్యతగా పెట్టారన్నది ఇందులో గ్రహించాల్సిన విషయం. మాలాంటి మొదటితరం చదువరులం హాస్టల్ అన్నం తినే విశ్వవిద్యాలయం దాకా వచ్చాము. అది ఎవరి భిక్షా కాదు. అడగడానికి ఆఫీసు మెట్లెక్కే యువకుడికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

కులం స్థలంలో ఉంది

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న జరిగిన హత్యాకాండకు ముందురోజు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే మంచినీటి చెరువు దగ్గర. నీళ్లను మురికి చేయవద్దన్నందుకు దాడికి దిగితే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదిరించారు. నీళ్లు, బడి, అన్నం లాంటి మామూలు సౌకర్యాలు మన గ్రామాల్లో మామూలు విషయాలు కావు. అవి ఎక్కడ ఉన్నాయి, ఎవరి చేతిలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఎవరు వాడుకోగలరో తేలిపోతుంది. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన పరిశీలన ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో మధ్యాహ్న భోజనం, రేషన్ షాపులు నడిచే తీరును చూసింది. తిండి పెట్టే చోటు ఏ వాడలో ఉంది, వండేదెవరు, నడిపేదెవరు అన్న మూడు ప్రశ్నలే దళిత పిల్లల ప్రవేశాన్ని నిర్ణయిస్తున్నాయని అందులో తేలింది.

అంగన్‌వాడీనే తీసుకుందాం. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. ఆరేళ్లలోపు పిల్లలకు పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం - ఇవీ అది చేయాల్సిన ఆరు పనులు. కేంద్రం ఊరి నడుమ ఉంటే ఏమవుతుంది? మూడేళ్ల పిల్లవాణ్ణి రోడ్డు దాటించి దిగబెట్టే తీరిక ఏడింటికే కలుపుకు పోయే తల్లికి ఉండదు. ముసలమ్మ తీసుకుపోవాలి. నాలుగు రోజులు పోయి, అక్కడి చూపులు చూసి, ఐదో రోజు మానేస్తారు. రిజిస్టర్లో మాత్రం పేరు ఉంటుంది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట పూర్తి భోజనం కేంద్రంలోనే పెట్టాలి. మంచి ఆలోచనే. కానీ మధ్యాహ్నం చేనులో ఉండే గర్భిణి ఊళ్లోకి నడిచివచ్చి తిని పోవాలంటే ఆ పూట కూలి పోతుంది. కేంద్రం వాడలో ఉంటే కనీసం నడక తగ్గుతుంది, పక్కింటామె తోడుంటుంది.

దీనికి చట్టపరమైన ఆధారం ఉంది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబర్‌లో దళిత, ఆదివాసీ ఆవాసాల్లో వీలైనంత త్వరగా అంగన్‌వాడీలు పెట్టాలని చెప్పింది. 2006 డిసెంబర్ 13న ఇంకా స్పష్టంగా ఆదేశించింది. కేంద్రం లేని ఆవాసంలో ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉంటే, అక్కడివాళ్లు అడిగిన మూడు నెలల్లోగా అంగన్‌వాడీ ఇవ్వాలన్నది. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకూ ఆదివాసులకూ ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఆ తర్వాత 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ తిండిని హక్కుగా రాసింది. వాడలో 40 మంది పిల్లలున్నారో లేదో మనం లెక్కపెట్టి ఉండకపోతే ఈ తీర్పులేవీ మన వాడకు నడిచి రావు.

హాస్టల్: ఇంటికి ఆసరా

సంక్షేమ హాస్టల్‌కూ గురుకులానికీ తేడా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. హాస్టల్ పిల్లలు అక్కడ ఉండి, తిని, దగ్గరి జిల్లా పరిషత్ బడికి పోతారు. గురుకులంలో ఉండటం, చదువు ఒకే ఆవరణలో. మొదటి గురుకులం 1971లో సర్వేల్‌లో మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980లలో వచ్చాయి. ఆ ఏర్పాటు వెనుక ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కృషిని మన కార్యకర్తలు ఇప్పటికీ తలుచుకుంటారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఈ గురుకులాల పిల్లలే.

గురుకులాల గెలుపును చెప్పుకుంటూ మామూలు హాస్టళ్లను మరిచిపోవడం పొరపాటు. గురుకులంలో సీట్లు పరిమితం, ప్రవేశ పరీక్ష ఉంటుంది. పరీక్షలో వెనకబడ్డ పిల్లకు, వలసపోయిన తల్లిదండ్రులు వెంట తీసుకుపోలేని పిల్లవాడికి మిగిలేది హాస్టలే. హాస్టల్ లేకపోతే వాడు బడి మానేసి ఇటుకబట్టీకో, పత్తిచేనుకో పోతాడు. అందుకే హాస్టల్ పిల్లవాడి చదువుతో పాటు మొత్తం కుటుంబానికి ఆసరా.

తిండి లెక్క చూద్దాం. తెలంగాణలో 2024లో మెస్ ఛార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 నుంచి 1,330 రూపాయలు, ఎనిమిది నుంచి పది వరకు 1,100 నుంచి 1,540, ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 నుంచి 2,100 అయింది. పదో తరగతి పిల్లవాడికి పెంచిన తర్వాత కూడా రోజుకు సుమారు 51 రూపాయలు. పొద్దున టిఫిను, రెండుపూటల అన్నం, కూర, గుడ్డు, సాయంత్రం చిరుతిండి అన్నీ అందులోనే. పెంచకముందు అది 37 రూపాయల లోపే. నీళ్లచారు గురించి వార్డెన్‌తో తగువుపడే ముందు ఈ లెక్క తెలిసి ఉంటే, వార్డెన్‌ను ఏం అడగాలో, సర్కారును ఏం అడగాలో విడదీసి చూడగలుగుతాం. బియ్యం బయటికి పోతే అది వార్డెన్ జవాబు చెప్పాల్సింది. రేటే చాలకపోతే అది శాసనసభలో అడగాల్సింది.

కాలేజీ, యూనివర్సిటీ

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2020 డిసెంబర్‌లో కేంద్రం మార్చింది. అయిదేళ్లకు మొత్తం 59,048 కోట్లు, అందులో కేంద్రం వాటా 60 శాతం, తన వాటాను నేరుగా విద్యార్థి ఖాతాలో వేయడం అన్నారు. కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. కాగితం మీద ఇది సులువే. మనోళ్ల ఇంట్లో అది కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, గడువు తేదీ. ఒక్కో కాగితానికి ఒక్కో రోజు కూలి. ఫీజు ఆలస్యమైతే కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది. సర్టిఫికెట్ ఆగితే ఉద్యోగం ఆగుతుంది. చదువు పూర్తయిన ఆడపిల్లకు ఆ ఆలస్యంలోనే పెళ్లి చేసేస్తారు.

చేరిన తర్వాత కూడా ఆసరా కావాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు దళిత పరిశోధకులు ఆవరణలోనే గుడారం వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. దిగులు కమ్మినప్పుడు మాట్లాడటానికి 2022 నుంచి టెలి మానస్ 14416 నెంబరు ఉంది. దాన్ని పిల్లలకు చెప్పాలి. అయితే దళిత విద్యార్థి దిగులుకు మాట సాయం ఒక్కటే మందు కాదు. ఫెలోషిప్ సకాలానికి రావడం, హాస్టల్ గది ఉండటం, వివక్ష మీద ఫిర్యాదు వింటే చర్య తీసుకునే వ్యవస్థ, పక్కన నిలబడే సీనియర్ విద్యార్థి, ఇవన్నీ ఉండాలి.

ఇబ్బంది వచ్చిన రోజు

పిల్లల మీద హింస, బాల్యవివాహం, తప్పిపోవడం జరిగితే 1098. ఆడవాళ్లకు 181. అత్యాచార నిరోధక చట్టం కింద ఫిర్యాదుకూ సమాచారానికీ 2021 నుంచి 14566. ఉచిత న్యాయసాయానికి 15100. న్యాయ సేవల చట్టం 1987లోని 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాలవారికి ఆదాయంతో పని లేకుండా లాయరును ఇవ్వాలి. 1989 అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ ప్రకారం చెరువు, బావి, దారి, శ్మశానం లాంటి ఉమ్మడి వనరులను మనం వాడుకోనీయకపోవడం నేరం. రెండు రాష్ట్రాల్లోనూ నెలాఖరున గ్రామాల్లో పౌరహక్కుల దినం జరపాలి. తహసీల్దారు, పోలీసు వాడకు రావాల్సిన రోజది. ఏ ఊళ్లో పెట్టారు, ఎవరికి చెప్పి పెట్టారు అని అడిగితే చాలా సంగతులు బయటపడతాయి.

డబ్బు సంగతీ తెలియాలి. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేశారు. అందులో ఖర్చుకాని డబ్బు తర్వాతి ఏడాదికి కలపాలి. కాబట్టి వాడకు భవనం కావాలన్నప్పుడు నిధుల్లేవన్న మాట విని ఊరుకోనవసరం లేదు.

వాడ లెక్క

సంఘం చేయాల్సిన మొదటి పని ఒక నోటుబుక్కు పెట్టడం. ఇంటింటికీ తిరిగి ఆరేళ్లలోపు పిల్లలెందరు, గర్భిణులెవరు, పదో తరగతి తర్వాత ఆగిందెవరు, హాస్టల్లో ఉన్నదెవరు, ఏ కాగితం లేక ఎవరి స్కాలర్‌షిప్ ఆగింది అన్నది రాయాలి. రెండో పని, వాడ నుంచి అంగన్‌వాడీకి, రేషన్ షాపుకు, నీళ్లకు, బడికి ఎంత నడకో రాయడం. మూడోది, నోటితో కాక రాసి అర్జీ పెట్టి రసీదు తీసుకోవడం. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజుల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. నాలుగోది, అంబేడ్కర్ భవనాన్ని ఏప్రిల్ 14కు మాత్రమే తాళం తీసే గదిగా ఉంచకపోవడం. సాయంత్రం దీపం పెట్టి పిల్లలు చదువుకునే చోటుగా, వారానికి ఒకరోజు దరఖాస్తులు నింపే చోటుగా మార్చాలి. వాడలో డిగ్రీ చదివినవాళ్లు ఇద్దరుంటే ఈ పని నడుస్తుంది.

మన లోపల ఉన్నదీ చూసుకోవాలి. సంఘం మగపిల్లల సంఘంగానే ఉంటే అంగన్‌వాడీ మాట చర్చకు రాదు. దాని సంగతి తెలిసింది ఆడవాళ్లకు. మాలవాడ లెక్కలో మాదిగవాడ, మాదిగవాడ లెక్కలో మాలవాడ లేకపోతే 40 మంది పిల్లలూ ఎక్కడా తేలరు. చిందు, డక్కలి, రెల్లి కుటుంబాల పిల్లలకు కుల సర్టిఫికెట్ దొరకడమే కష్టం. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

వాడ తన సాయం తాను చేసుకుంటే సర్కారు పని తీరిపోదు. నోటుబుక్కు రాసేది సర్కారు బదులు పనిచేయడానికి కాదు, దాని చేత పనిచేయించడానికి. ఒక వాడలో ఒక అంగన్‌వాడీ వచ్చినా, ఆగిన నలుగురు పిల్లల స్కాలర్‌షిప్ కదిలినా, ఆ లెక్కను పక్క వాడకు పంపాలి. ఉపాధ్యాయులు, విద్యార్థులు సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఈ పనికి వారం రోజులు ఇవ్వాలని కోరుతున్నాము.